ఆదివాసుల జ్ఞానము – పెద్దల కట్టుబాటు: సంఘ పరిచర్య దృష్టితో ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

సుమారు ముప్పది సంవత్సరముల క్రితము, బి.డి. చదువుచున్న దినములలో, మేము వేసవి పరిచర్య నిమిత్తము ఒక తోటి విద్యార్థితో కలిసి ఏజెన్సీ ప్రాంతములోని ఒక కొండ గ్రామమునకు వెళ్ళాము. అక్కడ మమ్మును తన ఇంట చేర్చుకొనిన ఒక వృద్ధ విశ్వాసి మమ్మును అడవికి తీసుకొనిపోయి, పచ్చకామెర్లకు, పుండ్లకు, కాన్పు తరువాత వచ్చు నీరసమునకు తమ ఇంటివారు వాడు మూలికలను ఒక్కొక్కటిగా చూపించారు. మేము అన్నిటిని నోటుపుస్తకములో వ్రాసికొని, ఆకులను కాగితములకు అతికించి, తిరిగి వచ్చిన పిమ్మట జెరాక్సు ప్రతులు తీసి అడిగినవారికందరికి ఇచ్చాము. మంచి పని చేశామనియే తలంచాము. మరుసటి సంవత్సరము మరల ఆ గ్రామమునకు వెళ్ళినప్పుడు, ఆ ఇంటిలో మందులు ఇచ్చు పెద్దామె, అనగా ఆయన వదినగారు, మమ్మును చూచి ఇట్లన్నారు: "అయ్యగారూ, మీరు అడిగింది మా మరిదిని. ఆ మందు మా మరిదిది కాదు గదా."

ఆమెకు మేము జవాబు చెప్పలేకపోయాము. ఆమె కోపముతో అనలేదు. మాకు తెలియని ఒక నియమమును తెలియజెప్పినది, అంతే. ఆ ఇంటిలో ఒక మందును తెలిసికొనియుండుటకు ఒక హక్కు, వాడుటకు మరియొక హక్కు, బయటివారికి చెప్పుటకు ఇంకొక హక్కు ఉన్నవి. ఈ మూడును ఒకే మనుష్యుని చేతిలో ఉండవు. మేము మొదటి హక్కు గలవానిని అడిగి, మూడవ హక్కును వాడుకొన్నాము.

నేడు మన వేదాంత కళాశాలలలో అనేకమంది విద్యార్థులు గిరిజన సంఘములను గూర్చి పరిశోధన వ్యాసములు వ్రాయుచున్నారు. కొండ గ్రామములకు వచ్చు పరిశోధకులు, కంపెనీల ప్రతినిధులు, స్వచ్ఛంద సంస్థలవారు మొదట తట్టునది తరచుగా కాపరి ఇంటి తలుపునే. కనుక ఆదివాసుల సంప్రదాయ జ్ఞానమును వారి ఆచార న్యాయము ఎట్లు కాపాడుచున్నది, దేశ చట్టములు దానికి ఏ స్థానమిచ్చుచున్నవి, లేఖనముల వెలుగులో మనము దానిని ఎట్లు చూడవలెను అను విషయములను ఈ వ్యాసములో పరిశీలించుదము.

1. సంప్రదాయ జ్ఞానము, ఆచార న్యాయము అనగానేమి?

ఒక జనసమూహము తన నేలతో, అడవితో, నీటితో తరతరములుగా జీవించుచు నేర్చుకొని, నోటిమాటగాను చేతిపనిగాను తన బిడ్డలకు అప్పగించుచు వచ్చిన తెలివిని సంప్రదాయ జ్ఞానము అంటాము. మూలికా వైద్యము, విత్తనముల ఎంపిక, తేనె తీయు విధానము, చేపలవేట, వాన గుర్తులు, అద్దకము, వెదురు పని మొదలైనవన్నియు ఇందులో చేరును. ఇది పాతకాలమునాటిదై కదలక నిలిచిపోయిన తెలివి కాదు. ప్రతి తరము దానిని పరీక్షించి, కొంత చేర్చి, కొంత విడిచి, తరువాతి తరమునకు ఇచ్చుచున్నది.

ఆచార న్యాయము అనగా ఆ జనసమూహము తన్నుతాను నడిపించుకొనుటకు పాటించు కట్టుబాటు. దానిని ఏ శాసనసభయు చేయలేదు. పెద్దలు చెప్పుదురు, గ్రామము పాటించును, మీరినవానిని గ్రామమే అడుగును. భూమి, వివాహము, వారసత్వము, అడవి ఫలసాయము వీటికి కట్టుబాటు ఉన్నట్లే జ్ఞానమునకు కూడ కట్టుబాటు ఉన్నది. సామాన్యముగా అది నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పును. ఈ విషయము ఎవరు తెలిసికొనవచ్చును? ఎవరు వాడవచ్చును? ఎవరు ఎవరికి చెప్పవచ్చును? చెప్పించుకొనినవాడు ప్రతిగా ఏమి చేయవలెను? కొన్ని సంగతులు గ్రామమంతటికి తెలిసియుండును. కొన్ని ఒక వంశమునకే చెందును. కొన్ని స్త్రీల మధ్యనే ఉండును. కొన్నిటిని వైద్యుడు తన శిష్యునికి మాత్రమే, తగిన కాలమున చెప్పును. బయటినుండి చూచువానికి ఈ గీతలు కనబడవు. కనబడనంతమాత్రమున అవి లేవని తలంచుటయే మన మొదటి పొరపాటు.

2. పేటెంటు చట్టము ఎందుకు చాలదు?

ఒకడు క్రొత్తగా ఒక వస్తువును కనిపెట్టినయెడల ప్రభుత్వము అతనికి పేటెంటు ఇచ్చును. సామాన్యముగా 20 సంవత్సరములు ఇతరులెవరును అతని అనుమతి లేక దానిని తయారుచేయరాదు, అమ్మరాదు. దానికి ప్రతిగా అతడు తన రహస్యమును లోకమునకు వెల్లడిచేయవలెను. ఈ పద్ధతిలో మూడు షరతులున్నవి: కనిపెట్టినది క్రొత్తదై యుండవలెను, కనిపెట్టినవాని పేరు తెలియవలెను, హక్కునకు గడువు ఉండవలెను. ఆదివాసుల జ్ఞానము క్రొత్తది కాదు. ఒకని పేరున లేదు. దానిని కాపాడు బాధ్యతకు గడువు లేదు. కనుక ఆ చట్టము వారికి హక్కు ఇయ్యలేదు గాని, వారి తెలివిని తీసికొని కొద్దిగా మార్చినవానికి హక్కు ఇయ్యగలిగినది.

దీనికి పసుపు, వేప ఉదాహరణలు చదువరులకు తెలిసినవే. పసుపుతో గాయములు మాన్పు విధానముపై అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును మన దేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, అనగా సి.ఎస్.ఐ.ఆర్., సవాలు చేయగా 1997లో రద్దుచేశారు. వేపనూనెతో బూజుతెగుళ్ళను అరికట్టు విధానముపై యూరోపు పేటెంటు కార్యాలయము 1994లో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దైనది. దానిపై చేసిన అప్పీలును కూడ 2005లో త్రోసివేశారు. ఈ అనుభవము తరువాత మన ప్రభుత్వము 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయమును ప్రారంభించి, ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథములలోని యోగములను ఇతర దేశముల పేటెంటు పరీక్షకులు చదువుకొనునట్లు సిద్ధపరచినది. ఇది మేలైన పనియే. అయితే ఈ గ్రంథాలయము ప్రధానముగా వ్రాతలో ఉన్నదానిని కాపాడుచున్నది. మన కొండ గ్రామముల తెలివి వ్రాతలో లేదు. వ్రాసినయెడల రక్షణ కలుగవచ్చును గాని, వ్రాసినదానిని ఎవడైనను చదివి వాడుకొనవచ్చును. వ్రాయనియెడల ఋజువు లేదు. వ్రాసినయెడల గుట్టు లేదు. ఈ ఇరుకునుండి తప్పించుకొనుటకు ఒకే మార్గము కనబడుచున్నది. ఏది వ్రాయవచ్చునో, ఏది వ్రాయరాదో, ఎవరికి చూపవచ్చునో నిర్ణయించు అధికారము ఆ జనుల కట్టుబాటునకే ఉండవలెను.

3. కాణి ప్రజల అనుభవము

దీనిని గ్రహించుటకు కేరళ రాష్ట్రమునందలి కాణి ప్రజల అనుభవము మనకు బాగుగా సహాయపడును. వీరు తిరువనంతపురము జిల్లాలో, పశ్చిమ కనుమలలోని అగస్త్యమల అడవులలో నివసించు ఆదివాసులు. పూర్వము వీరి పల్లెకు పెద్ద మూట్టుకాణి. న్యాయము చెప్పుట, ప్రజలను కాపాడుట, వైద్యము చేయుట ఇవన్నియు ఆయన పనులే. మందులు తెలిసినవారిని ప్లాతులు అంటారు. వైద్య జ్ఞానమును ఇతరులకు అప్పగించు అధికారము వీరి కట్టుబాటు ప్రకారము ప్లాతులదే.

1987 డిసెంబరులో డాక్టర్ పి. పుష్పాంగదన్ నాయకత్వమున శాస్త్రజ్ఞుల బృందమొకటి ఈ అడవులకు వెళ్ళినది. దారి చూపుటకు వచ్చిన కాణి యువకులు చిన్న చిన్న నల్లని కాయలను నమలుచు, అలసట లేకుండ కొండ ఎక్కుచుండుటను వారు గమనించారు. ఆ కాయలను తాము తిన్నప్పుడు వారికి కూడ బడలిక తీరినది. ఆ మొక్క ఏది అని అడుగగా యువకులు మొదట చెప్పుటకు ఇష్టపడలేదు. అది తమ జనుల రహస్యమన్నారు. చాలసేపు బ్రతిమాలిన తరువాత మొక్కను చూపించారు. అదే ఆరోగ్యపచ్చ. తరువాత పాలోడులోని ఉష్ణమండల ఉద్యాన పరిశోధన సంస్థలో ఆ మొక్క ఆకులకు మరి మూడు మూలికలను చేర్చి 'జీవని' అను మందును తయారుచేశారు. 1995లో దాని తయారీ హక్కును కోయంబత్తూరులోని ఒక ఆయుర్వేద మందుల సంస్థకు 7 సంవత్సరములకు ఇచ్చారు. ప్రతిగా 10 లక్షల రూపాయల రుసుము, అమ్మకములపై 2 శాతము రాయల్టీ నిర్ణయించారు. ఈ రెంటిలోను సగభాగము కాణి ప్రజలకు ఇయ్యవలెనని పరిశోధన సంస్థ తీర్మానించినది.

ఇది ఆ కాలమునకు చాల గొప్ప సంగతి. జీవవైవిధ్య చట్టము మన దేశములో ఇంకను రాలేదు. చట్టము బలవంతపెట్టకుండగనే ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థ ఆదివాసులకు సగభాగము ఇచ్చుటను లోకమంతయు మెచ్చుకొనినది. ఆ సొమ్మును తీసికొనుటకు 1997 నవంబరులో కాణి ప్రజల సంక్షేమ ట్రస్టు ఒకటి రిజిస్టరు అయినది. 1999లో 5 లక్షలకు పైగా సొమ్ము దానికి చేరినది.

అయినను లోపము ఎక్కడ వచ్చినది? కాణి ప్రజలు పలు పంచాయతీలలో చెదరియున్నారు. శాస్త్రజ్ఞులకు దారి చూపినవారు, ట్రస్టులో మొదట చేరినవారు ప్రధానముగా ఒక పంచాయతీకి చెందినవారు. ఇతర ప్రాంతములవారు తమ్మును ఎవరును అడుగలేదన్నారు. 1995లో తొమ్మిదిమంది ప్లాతులు తమ జ్ఞానమును ప్రైవేటు కంపెనీలకు అమ్ముటకు తాము ఒప్పుకొనుట లేదని కేరళ ముఖ్యమంత్రికి ఉత్తరము వ్రాశారు. ఆ మొక్క పెరుగునది రక్షిత అడవులలో గనుక ఆకులు కోయుటకు అటవీశాఖ అభ్యంతరము చెప్పినది. మందునకు గిరాకీ ఉన్నను ఆకు దొరకుట కష్టమైనది.

డబ్బు పంచుటలో ఆ సంస్థ నిజాయితీగా ప్రవర్తించినది. దానిని నిందించుట మా ఉద్దేశము కాదు. అయితే అడుగవలసిన మొదటి ప్రశ్న 'ఎంత ఇచ్చెదము?' అనునది కాదు, 'చెప్పుటకు హక్కు గలవారెవరు?' అనునది. ఆ ప్రశ్నను 1987లో అడవి దారిలో ఎవరును అడుగలేదు. యువకులు మొదట సంకోచించినప్పుడు, ఆ సంకోచమే కాణి ప్రజల న్యాయము పలికిన మాట. దానిని బ్రతిమాలి దాటవలసిన అడ్డుగా గాక, పెద్దల యొద్దకు వెళ్ళుడని చూపు గురుతుగా తీసికొనవలసియుండెను. తరువాత ఎంత మంచి ఒప్పందము చేసినను ఆ మొదటి మెట్టు లోపము తీరలేదు. మా నోటుపుస్తకము విషయములోను జరిగినది ఇదే.

4. దేశ చట్టములలో ఆచార న్యాయమునకు గల స్థానము

మన రాజ్యాంగము 13వ అధికరణములో 'చట్టము' అను మాటకు అర్థము చెప్పుచు, చట్టబలము గల ఆచారమును కూడ అందులో చేర్చినది. నాగా ప్రజల ఆచార న్యాయమునకు 371-ఎ అధికరణమును, మిజో ప్రజల ఆచార న్యాయమునకు 371-జి అధికరణమును ప్రత్యేక రక్షణ ఇచ్చుచున్నవి. ఈ రెండు రాష్ట్రములలోను అధిక సంఖ్యాకులు క్రైస్తవులే. కనుక సువార్తను అంగీకరించినవారు తమ పెద్దల కట్టుబాటును విడిచివేయవలెనను తలంపు సరికాదని మన దేశ సంఘచరిత్రయే చూపుచున్నది.

మన తెలుగు రాష్ట్రముల ఏజెన్సీ ప్రాంతములు ఐదవ షెడ్యూలు క్రింద ఉన్నవి. ఇక్కడ 1996లో వచ్చిన షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీ చట్టము, అనగా పెసా, మిక్కిలి ముఖ్యము. రాష్ట్రము చేయు పంచాయతీ చట్టములు ఆచార న్యాయమునకు, సామాజిక, మత ఆచారములకు అనుగుణముగా ఉండవలెనని అది చెప్పుచున్నది. తమ సంప్రదాయములను, ఉమ్మడి వనరులను, తగవులు తీర్చుకొను పద్ధతిని కాపాడుకొను సామర్థ్యము ప్రతి గ్రామసభకు ఉన్నదని కూడ అది అంగీకరించినది. 2006లో వచ్చిన అటవీహక్కుల చట్టము మరియొక అడుగు ముందుకు వేసి, జీవవైవిధ్యమునకు సంబంధించిన సంప్రదాయ జ్ఞానముపైన, మేధోసంపత్తిపైన సముదాయమునకు హక్కు ఉన్నదని సెక్షన్ 3(1)(కె)లో స్పష్టముగా వ్రాసినది. భూమి పట్టాల కొరకు ఈ చట్టమును గూర్చి విన్నవారు అనేకులు. జ్ఞానముపై హక్కును గూర్చి విన్నవారు కొద్దిమందే.

ఒడిశాలోని నియమగిరి కొండల విషయములో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పు కూడ గమనింపదగినది. అక్కడి గని త్రవ్వకము తమ హక్కులకు భంగకరమా అనునది గ్రామసభలు విచారింపవలెనని న్యాయస్థానము ఆదేశించగా, 12 గ్రామసభలును త్రవ్వకమును నిరాకరించినవి. అది జ్ఞానమును గూర్చిన వ్యాజ్యము కాదు. అయినను ఆదివాసుల మాట ఒకరిద్దరి సంతకము గాక కూడుకొనిన గ్రామము పలికిన మాట అని అది స్థిరపరచినది.

ఇక 2002 జీవవైవిధ్య చట్టము ప్రకారము మన దేశపు జీవవనరులపైన, వాటికి సంబంధించిన జ్ఞానముపైన పేటెంటు కోరువారు జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థను ఆశ్రయింపవలెను. ప్రతి స్థానిక సంస్థ పరిధిలోను ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారుచేయవలెను. 2023లో ఈ చట్టమును సవరించి, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానమును వాడువారికి కొన్ని మినహాయింపులు ఇచ్చారు. నోటిమాటగా ఉన్నది ఎప్పుడు గ్రంథస్థమైనట్లు లెక్కించవలెను అను ప్రశ్న దీనివలన మరింత బరువైనది. మనము వ్రాసి అచ్చువేయు ప్రతి పుటను గూర్చి జాగ్రత్తపడుటకు ఇది చాలిన కారణము.

అంతర్జాతీయముగా 1992 జీవవైవిధ్య ఒడంబడిక, 2007 ఆదివాసుల హక్కుల ప్రకటన ఈ జ్ఞానమును గుర్తించినవి. 2010 నగోయా ఒప్పందము 12వ అధికరణము సముదాయముల ఆచార న్యాయమును లెక్కలోనికి తీసికొనవలెనని దేశములను కోరినది. 2024 మే 24న జెనీవాలో ప్రపంచ మేధోసంపత్తి సంస్థ సభ్యదేశములు అంగీకరించిన ఒప్పందము ప్రకారము, ఆదివాసుల జ్ఞానముపై ఆధారపడి పేటెంటు కోరువాడు ఆ జ్ఞానమిచ్చిన జనులెవరో తెలియజేయవలెను. దక్షిణాఫ్రికాలోని శాన్ ప్రజలు ఎవరికొరకును ఎదురుచూడక 2017లో తమ స్వంత పరిశోధన నియమావళిని ప్రకటించారు. గౌరవము, నిజాయితీ, న్యాయము, శ్రద్ధ, తాము చెప్పిన పద్ధతిని పాటించుట అనునవి దానిలోని అంశములు. హూడియా అను ఎడారి మొక్కను గూర్చిన తమ జ్ఞానముపై తమకు తెలియకుండ పేటెంటు తీసికొనిన చేదు అనుభవము వారికి ఉన్నది.

5. లేఖనముల వెలుగులో

మొదటిది, జ్ఞానము దేవుని ఈవి. నిర్గమకాండము 31:1-6లో బెసలేలు, అహోలీయాబుల చేతిపని నేర్పు దేవుని ఆత్మవలన కలిగినదని చదువుదుము. 35:34లో ఇతరులకు నేర్పుటకు కూడ దేవుడే వారికి బుద్ధి కలుగజేసెనని ఉన్నది. నేర్పు మాత్రమే కాదు, దానిని అప్పగించు పని కూడ దేవుడిచ్చిన బాధ్యతయే. రోమా 2:14-15లో పౌలు ధర్మశాస్త్రము లేని జనుల హృదయములలో కూడ ధర్మశాస్త్ర సారము వ్రాయబడియున్నదని చెప్పుచున్నాడు. కనుక కొండవాసుల కట్టుబాటును చీకటియని ఒక్క మాటతో త్రోసివేయుట వాక్యానుసారమైన పని కాదు.

రెండవది, నాబోతు ద్రాక్షతోట (1 రాజులు 21). అహాబు అడిగిన తీరును గమనించుడి. అతడు మొదట దోచుకొనలేదు. అంతకంటె మంచి తోట ఇచ్చెదననెను, లేదా క్రయధనము ఇచ్చెదననెను. నేటి భాషలో అది న్యాయమైన ఒప్పందమే. అయినను నాబోతు ఒప్పుకొనలేదు. అది పితరుల స్వాస్థ్యము గనుక అమ్ముటకు తనకే హక్కు లేదనెను. లేవీయకాండము 25:23 నేల యెహోవాదని చెప్పుచున్నది. రాజు కూడ ఆ కట్టుబాటును మీరలేక మంచముమీద పండుకొనెను. యెజెబెలు మాత్రము రాజముద్ర వేసిన పత్రికలతో, ఉపవాస దినపు ప్రకటనతో, ఇద్దరు సాక్షులతో, అనగా న్యాయము యొక్క రూపములన్నిటితో న్యాయమును చంపినది. సరియైన ధర ఇచ్చినంతమాత్రమున తీసికొనుట న్యాయము కాదని ఈ అధ్యాయము మనకు బోధించుచున్నది.

మూడవది, బోయజు మాదిరి (రూతు 4). రూతు ఇష్టపడినది, బోయజు కోరినాడు, నయోమి సంతోషించినది. అయినను తనకంటె దగ్గరి బంధువు ఒకడున్నాడని ఎరిగి, బోయజు పట్టణపు గవినియొద్ద పదిమంది పెద్దల ఎదుట మొదట అతనిని అడిగెను. అడిగినందున పోగొట్టుకొను ప్రమాదము ఉన్నను అడిగెను. హక్కు గలవానిని దాటిపోకుండుట బోయజు నీతి. పరిశోధన చేయు మన విద్యార్థులకు ఇంతకంటె చక్కని మాదిరి మాకు కనబడుట లేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వచ్చును. ఉచితముగా పొందినదానిని ఉచితముగా ఇయ్యవలెనని ప్రభువు చెప్పలేదా (మత్తయి 10:8)? రోగులకు ఉపయోగపడు మందును దాచియుంచుట తగునా? ఆ ఆజ్ఞ ఇచ్చువానికి చెప్పబడినది గాని తీసికొనువానికి కాదు. పొరుగువాడు ఇయ్యకమునుపే వాని చేతిలోనిది తీసికొని దానికి దానమని పేరు పెట్టలేము. పైగా తీసికొనినవారు దానిని ఉచితముగా పంచరు. సీసాలో పోసి వెలకట్టి, తుదకు ఆ కొండవాసులకే అమ్ముదురు.

6. ఆచారము కూడ తీర్పునకు లోబడినదే

అయితే కట్టుబాటు అంతయు మంచిదని మేము చెప్పుట లేదు. మార్కు 7:9-13లో మన ప్రభువు కొర్బాను ఆచారమును గద్దించెను; తల్లిదండ్రులను విడిచిపెట్టుటకు పెద్దల పారంపర్యాచారమును సాకుగా వాడుకొనినవారిని ఆయన ఊరకుండనియ్యలేదు. నాబోతు పట్టణపు పెద్దలే యెజెబెలు పత్రికకు లోబడిరని మరువరాదు. పెద్దలను కొనవచ్చును, బెదిరింపవచ్చును. కనుక ఒక పెద్దమనిషి సంతకము గ్రామము యొక్క సమ్మతి కానేరదు.

స్త్రీల సంగతి మరి ముఖ్యము. మందులు, విత్తనములు, పసిబిడ్డల సంరక్షణ వీటిలో చాల జ్ఞానము స్త్రీలదే. కాని తీర్పు చెప్పు అరుగుమీద వారికి చోటు లేని గ్రామములు అనేకము. నాగాలాండులో పట్టణ పాలక సంస్థలలో స్త్రీలకు సీట్లు కేటాయించుట ఆచార న్యాయమునకు విరుద్ధమని 2017లో పెద్ద ఆందోళన జరిగినది. చివరకు 2024 జూన్‌లో 33 శాతము సీట్ల కేటాయింపుతో ఎన్నికలు జరిగినవి. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు ప్రత్యక్షపు గుడారము ఎదుట నిలిచి అడుగగా స్వాస్థ్యపు నియమము మారెను. 36వ అధ్యాయములో గోత్రపు పెద్దలు తమ చిక్కును చెప్పుకొనగా మరల సరిచేయబడెను. బయటివాడు వచ్చి కొట్టివేయుటవలన గాక, లోపలివారు బహిరంగముగా మొరపెట్టుకొనుటవలన ఆచారము శుద్ధియగుట ఇక్కడ చూచుచున్నాము.

7. కాపరులకు, వేదాంత విద్యార్థులకు కొన్ని సూచనలు

(1) మూలికను, మ్రొక్కుబడిని వేరుచేసి చూడవలెను. మందు కోయునప్పుడు చేయు పూజను విశ్వాసి విడిచిపెట్టును, మందును విడువనక్కరలేదు. ప్రసంగపీఠమునుండి రెంటిని కలిపి ఖండించినందున అనేక కుటుంబములలో ఒక తరమువారు తమ తల్లిదండ్రులయొద్ద ఏమియు నేర్చుకొనలేదు. ఈ నష్టమునకు మనమే జవాబుదారులము.

(2) దేనినైనను అడుగకముందు, 'ఇది చెప్పుటకు హక్కు ఎవరిది?' అని అడుగవలెను. కాపరిమీది గౌరవముచేత కాదనలేక చెప్పుదురు. ఆ మొగమాటమును సమ్మతిగా లెక్కింపరాదు.

(3) సమ్మతి కూడుకొనిన గ్రామమునుండి, వారి భాషలో, వ్రాయబోవునది ఏమి, ఎవరు చదువుదురు అను విషయములు వివరించిన పిమ్మట తీసికొనవలెను. ఆలోచించుటకు దినములు ఇయ్యవలెను. మందులు ఎరిగిన స్త్రీలను ప్రత్యేకముగా అడుగవలెను. వద్దన్నయెడల అంతటితో మానివేయవలెను.

(4) వేదాంత పరిశోధనకు మొక్క పేరు, పాలు, మోతాదు అవసరము లేదు. ఆ జనుల విశ్వాసము, బాధ్యత, పంచుకొను పద్ధతి చాలును. వివరములు వ్రాసితీరవలసినయెడల ఆ భాగమును గ్రామమునకు అప్పగించి, గ్రంథాలయ ప్రతిలో చేర్చకుండవలెను. కళాశాలల పరిశోధన కమిటీలు దీనిని నియమముగా చేయవలెనని మా మనవి.

(5) పంచాయతీలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉన్నదేమో విచారించి, రిజిస్టరులో ఏమి వ్రాయుచున్నారో గ్రామసభకు చదివి వినిపించునట్లు చూడవలెను. కాపరి తానే ప్రతినిధియై సంతకము చేయరాదు.

(6) బయటినుండి వచ్చువారిని ఆదరింపవలెను గాని, వారిని నేరుగా మందులు ఎరిగినవారి ఇంటికి తీసికొనిపోక, గ్రామపెద్దలయొద్దకు తీసికొనిపోవలెను.

ముగింపు

ఆ పెద్దామె మాట విన్న తరువాత మేము మా నోటుపుస్తకమును ఆమె చేతికి ఇచ్చివేశాము. ఆమె దానిని తీసికొని, "మిగతావి?" అని అడిగినది. మేము పంచిపెట్టిన జెరాక్సు ప్రతులు ఎవరెవరి చేతులలో ఉన్నవో మాకే తెలియదు. వాటిని తిరిగి తేలేకపోయాము. భూమిని లాగుకొనినవాడు దానిని తిరిగి ఇయ్యగలడు. ఒకసారి వెల్లడియైన మాటను ఎవడును తిరిగి ఇయ్యలేడు. అందుచేతనే జ్ఞానము విషయములో ముందుగా అడుగుట అంత ముఖ్యము.

పొలిమేర రాళ్ళను తీసివేయరాదని ద్వితీయోపదేశకాండము 19:14, సామెతలు 22:28 మనలను హెచ్చరించుచున్నవి. పొలమునకు రాయి కంటికి కనబడును. జ్ఞానమునకు పొలిమేర కనబడదు. ఆ గ్రామమును అడిగి తెలిసికొనవలెను. కొండ గ్రామములలో పరిచర్య చేయుచున్న కాపరులు, అక్కడికి వెళ్ళనైయున్న విద్యార్థులు ఈ పొలిమేరలను ఎరిగి, వాటిని గౌరవించుచు, ఇతరులు జరుపకుండ ఆ జనుల ప్రక్కన నిలుచువారై యుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక.